సూరత్–గోల్కొండ–మచిలీపట్టణ లేఖామార్గము: జాతీయ ప్రాముఖ్యమునకు గల ఆధారములు

1. ప్రస్తావన

సూరత్ నగరమునందలి ఆంగ్లేయుల, డచ్చివారి ప్రాచీన సమాధులు కేంద్రప్రభుత్వ పురావస్తుశాఖ రక్షణలో ఉన్నవి. 1669లో మరణించిన సర్ జార్జి ఆక్సెండెన్, 1691లో మరణించిన వాన్ రీడ్ మొదలగువారు అందు సమాధిగతులై యున్నారు. దేశమునకు రెండవ తీరమునందున్న మచిలీపట్టణమున కూడ డచ్చివారి సమాధులు కలవు. ఈ రెండు రేవులను కలుపుచు గుజరాతు, మహారాష్ట్ర, తెలంగాణ, ఆంధ్ర సీమల మీదుగా సాగిన పూర్వపు త్రోవకు మాత్రము అట్టి రక్షణ లేదు. ఆ వర్తకులు జీవించియున్నంత కాలము ఏ త్రోవను వచ్చు జాబులకై ఎదురుచూచిరో, ఆ త్రోవ ఒకే మార్గముగా ఏ ప్రభుత్వ పట్టికలోను చేరియుండలేదు. జాబులు వ్రాసినవారి గోరీలు భద్రముగా నున్నవి. అవి నడచిన దారి మరుగున పడినది.

ఈ మార్గమును జాతీయ ప్రాముఖ్యము గలదానినిగా గుర్తించుటకు ఏ ఆధారములు కలవు, చట్టమున ఎట్టి చిక్కులు కలవు, ఇందు భాషాపరిశోధకులు చేయదగిన పని యేమి అను మూడు విషయములు ఇచ్చట విచారింపబడుచున్నవి.

2. మార్గస్వరూపము

ఆంగ్ల వర్తకసంఘమువారు మచిలీపట్టణమునకు 1611లో వచ్చిరి. సూరత్‌లో వర్తకమునకు వారికి మొగలాయి అనుమతి 1613 నాటికి లభించినది. డచ్చివారు తూర్పుతీరమున అంతకు పూర్వమే ప్రవేశించి, 1616లో సూరత్ చేరిరి. ఇట్లు ఒకే సంఘమునకు రెండు తీరములయందును కొట్లు ఏర్పడుటతో వానినడుమ నిత్యము వార్తలు నడువవలసి వచ్చినది. ఓడలో పంపవలెనన్న సింహళద్వీపమును చుట్టి పోవలెను. నైరృతి ఋతుపవనము వీచు నెలలలో పశ్చిమతీరపు ఓడలరాకపోకలు నిలిచిపోయెడివి. కావున సరుకు ఓడలలో పోయినను జాబు నేలమీదనే పోయెడిది. విలియం ఫాస్టర్ సంపుటములుగా ప్రకటించిన ఆంగ్ల కొట్ల లేఖలను చదువువారికి ఈ సంగతి పుటపుటయందును స్పష్టమగును.

ఈ త్రోవను మజిలీల వారీగా వర్ణించినవాడు ఫ్రెంచి రత్నవర్తకుడైన తవెర్నియే. ఆయన యాత్రాగ్రంథము 1676లో పారిస్‌లో అచ్చయినది. సూరత్ నుండి బర్డోలీ, వ్యారా, నవాపూర్, పింపళ్నేర్ మీదుగా దౌలతాబాదు, ఔరంగాబాదు చేరి, అచ్చటినుండి అంబడ్, నాందేడు దాటి గోల్కొండకు వచ్చు మార్గమును ఆయన పేర్కొనెను. మొత్తము దూరము 324 క్రోశములని లెక్కించి, దానిని 27 దినముల ప్రయాణములో ముగించినట్లును, 1653లో అంతకంటె 5 దినములు ఎక్కువ పట్టినట్లును వ్రాసెను. ఆ 1653 ప్రయాణములో ఆయన మార్చి 6న సూరత్ విడిచి 11న పింపళ్నేర్ చేరి, అచ్చటినుండి అంకాయ్–టంకాయ్ కోటల వైపుగా మరియొక శాఖను పట్టెను. అనగా పింపళ్నేర్ కూడలి. దానికి ఆవల దారి చీలెడిది. మరియొక ఫ్రెంచి యాత్రికుడైన తెవెనో 1666లో సూరత్‌లో దిగి, ఔరంగాబాదు మీదుగా గోల్కొండకును, మచిలీపట్టణమునకును వచ్చెను. ఇద్దరి రచనలును ఒకదానికొకటి సాక్ష్యమగుచున్నవి.

గోల్కొండ నుండి మచిలీపట్టణమునకు తిన్నని దారిని 100 క్రోశములనియు, కొల్లూరు వజ్రపుగని మీదుగా 112 క్రోశములనియు తవెర్నియే చెప్పెను. ఆ గనిలో సుమారు 60,000 మంది పనిచేయుచుండిరని ఆయన వ్రాసెను. వజ్రవర్తకులకు ఆ 12 క్రోశముల చుట్టు భారము కాలేదు. ఈ భాగములోని మజిలీలను ఆయన పటెంగి, పెంగుల్, నగెల్పర్, లకబరన్ అని వ్రాసెను. వీనిని పంతంగి, పానగల్లు, నాగులపాడు (నేటి నాగులపహాడ్), లక్కవరములతో సరిపోల్చవచ్చును.

త్రోవ పొడవునను భాషలు మారుచుండుట భాషాశాస్త్రజ్ఞులు గమనింపదగిన విశేషము. నవాపూర్ వద్ద గుజరాతీ సీమ ముగిసి మరాఠీ సీమ మొదలగును. నేటి నవాపూర్ రైలునిలయము సగము గుజరాతులోను, సగము మహారాష్ట్రలోను ఉన్నది. నాందేడు దాటిన పిదప మరాఠీ తగ్గి తెలుగు హెచ్చును. ఈ హద్దులలో ఏ ఒక్కటియు జాబును ఆపలేదు.

3. అంచెల ఏర్పాటు

పశ్చిమదేశములలో గుర్రపుబండ్లు తపాలు మోసిన కాలమునకు ముందే ఈ దేశమున మనిషి కాళ్లు ఆ పని చేసినవి. పరుగెత్తు వార్తాహరుడు గుర్రపురౌతు కంటె శీఘ్రముగా పోవునని తవెర్నియే ఆశ్చర్యపడెను. రెండేసి లీగుల దూరమున ఒక గుడిసె. అందు ఇద్దరు ముగ్గురు మనుష్యులు సిద్ధముగా నుండెడివారు. జాబు తెచ్చినవాడు దానిని గుడిసె వాకిట పడవేయును. లోపలివాడు దానిని ఎత్తుకొని తక్షణమే పరుగు మొదలుపెట్టును. చేతికి చేయి అందించుట అపశకునమని భావించుటచే జాబును కాళ్లముందు వేయుట ఆచారమైనదట.

చీకటిలోను, వానలోను దారి తప్పకుండుటకు చేసిన ఏర్పాటు మరింత ముఖ్యమైనది. అనేక మార్గములకు ఇరుప్రక్కల చెట్లు ఉండెడివి. చెట్లు లేనిచోట 500 అడుగువేతలకు ఒక్కొక్క రాళ్లకుప్ప పోసి, దానికి అప్పుడప్పుడు సున్నము పూయు బాధ్యతను సమీపగ్రామస్థులపై ఉంచిరి. మార్గరక్షణ ఒక్క రాజుగారి పనియే కాక, ఊరివారి విధిగా కూడ ఉండెడిదని దీనివలన తెలియుచున్నది. ఒక మార్గమును చారిత్రకమనుటకు దానిపై రాజులు, సేనలు నడచినవని చెప్పుట చాలదు. దానిని నిలిపిన వ్యవస్థను చూపవలెను. గుడిసెలు, పరుగువాండ్రు, చెట్లు, సున్నపురాళ్లు, గ్రామవిధి – ఈ ఐదును కలిసి వ్యవస్థ యగుచున్నవి.

ఇట్టి వార్తాహరులను ఆనాటి ఆంగ్లలేఖలు కాసీదులనియు, పట్టమారులనియు పేర్కొనుచున్నవి. వీరిలో ఎవరి పేరును శాసనములకు ఎక్కలేదు. గుడిసెలు మట్టివి, గడ్డివి. కనుక అవియును నిలువలేదు. చట్టముతో వచ్చు చిక్కు సరిగా ఇచ్చటనే ఆరంభమగును.

4. చట్టదృష్టి

రాజ్యాంగములోని 49వ అధికరణము జాతీయ ప్రాముఖ్యము గలవని పార్లమెంటు చట్టముచే ప్రకటింపబడిన స్మారకములను, స్థలములను, వస్తువులను రక్షించుట రాజ్యము యొక్క విధి అని చెప్పుచున్నది. ఏడవ షెడ్యూలు కేంద్రజాబితాలోని 67వ అంశము ప్రాచీన స్మారకములతోపాటు లిఖిత ఆధారములను కూడ పేర్కొనుచున్నది. ఇంతవరకు రాజ్యాంగదృష్టి విశాలముగనే యున్నది.

1958 నాటి ప్రాచీన స్మారక, పురావస్తు స్థల, అవశేషముల చట్టము ఈ విధిని ఆచరణలో పెట్టినది. దాని ప్రకారము ప్రాచీన స్మారకమనగా కట్టడము, గోరీ, గుహ, శిల్పము, శాసనము, ఏకశిల మొదలగునవి; అవి కనీసము 100 సంవత్సరముల నుండి ఉన్నవి కావలెను. కేంద్రప్రభుత్వము గెజిటులో రెండునెలల గడువుతో ప్రకటన చేసి, ఆక్షేపణలను విచారించి, పిదప జాతీయ ప్రాముఖ్యమును నిర్ణయించును. ఈ నిర్వచనములో దారి అను మాట ఒక్కచోటనే స్ఫురించును: స్మారకమును చేరుటకును, చూచుటకును అవసరమగు మార్గము స్మారకములో భాగమని చట్టము చెప్పుచున్నది. అనగా చట్టము దృష్టిలో దారి గోరీ వద్దకు పోవుటకు సాధనమే కాని, తానుగా స్మారకము కాదు.

ఈ కారణముచే సూరత్ మార్గముపై గల కట్టడములు విడివిడిగా పట్టికలకు ఎక్కినవి. దౌలతాబాదు కోట, గోల్కొండ కోట కేంద్రరక్షణలో ఉన్నవి. మార్గమునకు చేరువనున్న ఎల్లోరా 1983లో ప్రపంచ వారసత్వ పట్టికలో చేరినది. సూరత్‌లో 1644లో కట్టబడిన మొగల్ సరాయిలో నేడు నగరపాలక సంస్థ కార్యాలయము నడుచుచున్నది. ముత్యములున్నవి, వానిని కూర్చిన దారము లెక్కలోనికి రాలేదు.

కట్టడములున్న మార్గములకును భయము లేకపోలేదు. ఉత్తరదేశపు రాజమార్గములపై మొగలాయిలు నిలిపిన క్రోశస్తంభములలో అనేకము రక్షితములే. అయినను హర్యానాలోని ముజేసర్ వద్దనున్న క్రోశస్తంభము జాడ దొరకక, 2024లో కేంద్రపట్టిక నుండి తొలగింపబడినది. రాతిస్తంభమే, అందులో రక్షిత స్తంభమే మాయమైనచో, రక్షణలేని మట్టిదారి గతి వేరుగ చెప్పనక్కరలేదు.

సూరత్ మార్గమున నష్టము ఇప్పటికే ఆరంభమైనది. బర్డోలీ, వ్యారా, నవాపూర్‌ల వరుసనే తాపీలోయ రైలుమార్గమును, నేటి 53వ జాతీయ రహదారియు సాగుచున్నవి. హైదరాబాదు–మచిలీపట్టణ భాగమున 65వ జాతీయ రహదారి కలదు; పంతంగి వద్ద నేడు సుంకపుగేటు ఉన్నది. కొల్లూరు గని ప్రాంతము పులిచింతల జలాశయమున మునిగినది. ఆ శాఖలో నదీతీరపు తుదిమజిలీని ఇక నేలపై చూపుటకు వీలులేదు. గ్రంథములలో మాత్రమే చూపవలెను.

5. శబ్దసాక్ష్యము

నేలపై చెరగిన మార్గము మాటలలో కొంత నిలిచియున్నది. సూరత్‌లో జాబులరవాణాకు వాడు మాట టపాల్. మరాఠీలోను అదియే. కన్నడమున, తమిళమున, తెలుగున తపాలు, తపాల అను రూపములలో అదియే. హిందీ, వంగ, ఒడియా భాషలలో మాత్రము డాక్. అనగా సూరత్‌లో బయలుదేరిన జాబు మూడు భాషలు దాటి మచిలీపట్టణము చేరినను దానికి పేరు మారదు. అదే జాబు సూరత్ నుండి ఆగ్రాకు పోయినచో పేరు మారును. ఈ వ్యాప్తి ఒక్కటియే ఈ మార్గమునకు రుజువని చెప్పరాదు; ఆ మాట దక్షిణమున మిక్కిలి విస్తరించినది. కాని పశ్చిమ దక్షిణ సీమలకు ఒకే వార్తావ్యవస్థా పరిభాష ఉండెడిదనుటకు ఇది బలమైన సూచన.

ఆ మాట పుట్టుక పై పండితులు భిన్నాభిప్రాయులు. 1886లో వెలువడిన యూల్, బర్నెల్‌ల హాబ్సన్–జాబ్సన్ నిఘంటువు దీని వాడుక దక్షిణ పశ్చిమములకే పరిమితమని గుర్తించి, మూలము అస్పష్టమని తలచినది. జాన్ బీమ్స్ దీనిని ఆర్యశబ్దముగా భావించి, ముద్రవేయు స్థలమను అర్థమున టప్పా శబ్దముతో ముడిపెట్టెను. సి. పి. బ్రౌను ఫ్రెంచిలో మజిలీ అను అర్థము గల ఎతాప్ శబ్దముతో సంబంధమును సూచించెను. ఇందు తెలుగువారికి ప్రత్యేకముగా పట్టవలసిన సంగతి ఒకటి కలదు. పదునెనిమిదవ శతాబ్ది చివర ఆంగ్లపత్రములలో కనబడు టప్పా, టప్పీ రూపములకు తెలుగు గుమాస్తాలు కారణమని బ్రౌను అభిప్రాయము. తప్పాలు అను దానిలోని చివరి లు వర్ణమును బహువచన ప్రత్యయముగా గ్రహించి, వారు తప్పా అను ఏకవచనమును కల్పించిరట. ఒక తెలుగు వ్యాకరణసూత్రము కచేరీ కాగితములలో ప్రవేశించి ఆంగ్లపదమును మార్చినదన్నమాట.

అంచె శబ్దము రెండవ సాక్షి. తెలుగున అంచె అనగా మార్గమున బదలాయింపునకై ఏర్పరచిన విడిది. అంచెలంచెలుగా అను ప్రయోగము నేటికిని వాడుకలో ఉన్నది. కన్నడమున అంచె అనగా తపాలే. తిరువాన్కూరు, కొచ్చిన్ సంస్థానముల తపాలుశాఖకు అంచల్ అని పేరు; అది 1951 వరకు ప్రత్యేకముగా నడచినది. ఇక మజిలీ, జాబు అనునవి మంజిల్, జవాబ్ అను అరబ్బీ రూపముల నుండి వచ్చినవి. ఇట్లు మార్గమునకు అంచె, విడిదికి మజిలీ, లేఖకు జాబు, రవాణాకు తపాలు అను నాలుగుమాటలు తెలుగువాని నోట పరాయివి కానంతగా కలిసిపోయినవి.

స్థలనామములు మూడవ సాక్షి. పెంగుల్ అను వ్రాతలో పానగల్లును, నగెల్పర్‌లో నాగులపాటిని గుర్తుపట్టుటకు పటము ఒక్కటి చాలదు. ఫ్రెంచి చెవి తెలుగు ధ్వనులను ఎట్లు గ్రహించునో తెలియవలెను. ఒక్క పేరును తప్పుగా గుర్తించినచో దారి అనేక క్రోశములు ప్రక్కకు జరుగును. దారి జరిగినచో చట్టము ముందు చూపు సరిహద్దు నిలువదు.

6. ఇతర దేశముల దృష్టాంతములు

అమెరికా సంయుక్తరాష్ట్రములలో 1858 నుండి 1861 వరకు బటర్‌ఫీల్డ్ కంపెనీవారి గుర్రపుబండ్లు సెంట్ లూయిస్, మెంఫిస్‌ల నుండి శాన్‌ఫ్రాన్సిస్కో వరకు తపాలును మోసినవి. వారానికి రెండు మారులు, 25 దినములలో చేర్చవలెనని ఒడంబడిక. ఆ సర్వీసు జీవితకాలము మూడేండ్లే. అయినను 1968 నాటి జాతీయ మార్గముల చట్టము క్రింద దానిని చారిత్రక మార్గముగా గుర్తింపవలెనను ప్రయత్నము సాగినది. 2009లో పరిశీలనకు శాసనసభ ఆదేశించినది. 2018లో నివేదిక ముగిసినది. 2023 జనవరిలో సుమారు 3,300 మైళ్ల మార్గము జాతీయ చారిత్రక మార్గమైనది. మార్గమును మార్గముగనే గుర్తించు చట్టము ముందుగా ఉండుటచే ఇది సాధ్యమైనది.

దక్షిణ అమెరికాలోని ఇంకా చక్రవర్తుల మార్గమైన కపాక్ న్యాన్ ఇంకను దగ్గరి పోలిక. అచ్చటను చాస్కీలను పరుగువాండ్రు అంచెలపై వార్తలు మోసెడివారు. ఆ మార్గజాలము 30,000 కిలోమీటర్లు. ఆరు దేశములు కలిసి అందు 273 భాగములను ఎన్నుకొని సమర్పింపగా, 2014లో అది ప్రపంచ వారసత్వ పట్టికకు ఎక్కినది. మార్గము మొత్తము నిలిచియుండనక్కరలేదు. నిలిచిన భాగములు ఒకే వ్యవస్థకు చెందినవని నిరూపించిన చాలునను న్యాయము దీనివలన ఏర్పడుచున్నది.

భారతదేశమునకు ఈ పద్ధతి క్రొత్తది కాదు. ఉత్తరాపథము, బాద్‌షాహీ సడక్, గ్రాండ్ ట్రంక్ రోడ్డు అను పేర్లతో ప్రసిద్ధమైన మార్గముపై గల స్థలములను భారతప్రభుత్వము 2015లో ప్రపంచ వారసత్వ తాత్కాలిక పట్టికలో చేర్చినది. ఉత్తరాపథమునకు తగిన న్యాయము దక్కను మార్గమునకు తగకపోదు.

7. ఆక్షేపణలు, సమాధానములు

మొదటి ఆక్షేపణ: మార్గము ఒక్కటి కాదు, తవెర్నియేయే రెండు శాఖలలో నడచెను. ఇది సత్యమే. కాని శాఖలు చీలి మరల కలియుట పూర్వమార్గముల స్వభావము. కూడళ్లు స్థిరముగా నుండుట ముఖ్యము. సూరత్, పింపళ్నేర్, గోల్కొండ, మచిలీపట్టణములు అట్టి స్థిరస్థానములు.

రెండవ ఆక్షేపణ: ఇది పరదేశవర్తకుల మార్గము; జాతీయ ప్రాముఖ్యము దీనికెక్కడిది? జాబులు వర్తకులవి కావచ్చును. దారి, గుడిసె, పరుగు, సున్నపురాయి దేశీయములు. అంతేకాక దారిపై దేశీయుల వర్తకమే అధికము. నవాపూర్ నేతగాండ్రతో నిండిన పెద్ద ఊరనియు, అచ్చటి సన్నబియ్యము కస్తూరి పరిమళము కలదనియు తవెర్నియే వ్రాసెను. నేడు సూరత్‌లోని లింబాయత్, ఉధ్నా ప్రాంతములలో తెలంగాణము నుండి వెళ్లిన పద్మశాలీలు మగ్గములపై జీవించుచున్నారు. నగరపాలక సంస్థ తెలుగుమాధ్యమ పాఠశాలలను కూడ నడుపుచున్నది. తెలుగుసీమకును సూరత్‌కును గల రాకపోక ముగిసిన చరిత్ర కాదు.

మూడవ ఆక్షేపణ: రహదారిని రక్షితముగా ప్రకటించినచో నిర్మాణములు నిలిచిపోవును. 2010 సవరణ ననుసరించి రక్షిత స్మారకమునకు 100 మీటర్ల లోపల నిర్మాణములు నిషిద్ధములు. ఆవల 200 మీటర్లు నియంత్రితములు. ఈ నియమమును వందల క్రోశముల దారికి వర్తింపజేయుట అసాధ్యము. కావున మార్గమంతటికి గుర్తింపును, ఎన్నుకొనిన స్థలములకు మాత్రమే రక్షణను కోరుట యుక్తము. అందుకు 1958 చట్టమున సాంస్కృతిక మార్గమను క్రొత్త నిర్వచనము చేరవలెను. అట్టి మార్గములకు తగిన నిర్వచనమును అంతర్జాతీయ స్మారక, స్థల పరిషత్తు 2008లోనే ఆమోదించియున్నది.

8. భాషాపరిశోధకుల పని

గెజిటు ప్రకటనకు ముందు ప్రతి స్థలమునకును ఆధారము చూపవలెను. కట్టడము తనకు తానే సాక్షి. దారికి సాక్షి గ్రంథమును, మాటయును. కనుక ఈ వాదము ఇంజనీరుల కచేరీలో కాక, ముందుగా భాషాశాఖలలో సిద్ధము కావలెను. గుజరాతీ, మరాఠీ, తెలుగు, పారసీక శాఖలు నాలుగును కలిసి మూడు పనులు చేపట్టవచ్చును. యాత్రాగ్రంథములలోని వికృత స్థలనామములకు మూలరూపములను నిర్ణయించి ఒక పట్టికగా ప్రకటించుట మొదటిది. మెకంజీ కైఫీయతులలోను, గ్రామ లెక్కలలోను దారులు, సత్రములు, చౌకీలు, చెట్లవరుసలను గూర్చిన ప్రస్తావనలను ఏరుట రెండవది. మార్గముపై గల గ్రామములలో పొలముల పేర్లను, బావుల పేర్లను, వృద్ధుల వ్యవహారములోని దారిమాటలను వ్రాసికొనుట మూడవది. మూడవదానికే వ్యవధి తక్కువ.

ఇట్టి పనికి తెలుగున ఒక ఆదర్శము కలదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830–31లో చెన్నపట్టణము నుండి కాశికి పోయి వచ్చుచు, ప్రతి మజిలీ యొక్క దూరమును, దారి గుణమును, నీటివసతిని, అంగళ్లను వ్రాసి, ఆ వృత్తాంతమును జాబులుగా మిత్రుడైన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లకు పంపెను. అది 1838లో గ్రంథముగా అచ్చయినది. ఆయన నడచిన త్రోవ వేరు. కాని ఆయన చూపిన పద్ధతి సూరత్ మార్గమునకును సరిపోవును. దారిని రాతితో కాక అక్షరముతో నిలిపిన రచన అది.

పూర్వము రాళ్లకుప్పలకు సున్నము పూయుట దగ్గరి ఊరివారి విధిగా ఉండెడిది. ఎవరి ఊరి పొలిమేరకు వారే బాధ్యులు. నాలుగు రాష్ట్రముల మీదుగా సాగు ఈ మార్గమునకు నేడును అట్టి విభజనయే తగును. గోల్కొండ నుండి మచిలీపట్టణము వరకు గల భాగము తెలుగు పరిశోధకుల వంతు. అందు కొల్లూరు నీట మునిగినది. పంతంగి, పానగల్లు, నాగులపాడు, లక్కవరములు నేటికిని నేలపై నున్నవి. పని అచ్చట మొదలుకావలెను.